చివరివాడి వెనక

పరుగు పందెంలో మొదట వచ్చినవాడిని అందరూ చూస్తారు. చప్పట్లూ ఫొటోలూ అన్నీ వాడికే. చివర వచ్చేవాడిని చూడటానికి మాత్రం పనిగట్టుకుని ఒక మనిషిని పెట్టాల్సి వస్తుంది. ఆ మనిషిని ఆ ఊరి పరుగు సంఘంవాళ్లు ముద్దుగా ‘తోక’ అంటారు. తోక పని వినడానికి తేలికే. అందరికంటే వెనక పరిగెత్తాలి. ముందున్నవాడు ఎంత ఈసురోమంటూ పోతున్నా వాణ్ని దాటకూడదు. దారి పొడుగునా గుర్తుగా కట్టిన నారింజరంగు గుడ్డపీలికల్ని ఒక్కొక్కటే విప్పి, భుజాన వేలాడే సంచిలో వేసుకుంటూ రావాలి. తోక దాటిపోయాక ఆ దారి మళ్లీ గేదెలదీ సైకిళ్లదీ అయిపోతుంది. కాసేపటి క్రితం ఇక్కడ వందమంది పరిగెత్తారంటే ఎవరూ నమ్మరు.

ఈ ఏడు తోకగా నేను ఉంటానని లాండ్రీ అక్క వచ్చి అడిగేసరికి సంఘం గదిలో ఉన్నవాళ్లు చేస్తున్న పని ఆపేశారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కారణం అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. రెండేళ్ల కిందట ఇదే పందెంలో పరిగెత్తడానికి వెళ్లిన అక్క తమ్ముడు ఏటిపాలయ్యాడు. ఏట్లో పడ్డాడని అక్క అంటుంది. దూకాడని ఊరు అంటుంది.

ఆ నదికి ఇరువైపులా నేల పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. గుట్ట అన్నది లేదు, దిబ్బ అన్నది లేదు. వరద రాకుండా కట్టిన కరకట్ట ఒక్కటే కాస్త ఎత్తు. పందెం దారి పట్నం చివర వంతెన దగ్గర మొదలై, కట్ట మీద నుంచి పోయి, మూడు పల్లెల్లో దిగి ఎక్కి, మళ్లీ పొలాల మధ్య నుంచి వంతెన దగ్గరికే వస్తుంది. ఆ మూడు పల్లెలూ అచ్చు ఒకలాగే ఉంటాయి. అవే రేకుల కప్పులు, అవే మట్టి సందులు, సందు మలుపులో అదే చేతిపంపు. పుట్టి పెరిగినవాళ్లే పొగమంచులో పక్క ఊరికి వెళ్లి సొంత ఇల్లు వెతుక్కున్న సందర్భాలు ఉన్నాయి. అందుకే ఆ గుడ్డపీలికలు.

ఆ రోజు అలాంటి మంచే పడింది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించలేదంటారు. అయినా మొండికేసి పందెం పెట్టారు. అందరూ తిరిగొచ్చారు, తమ్ముడు తప్ప. ఆ ఏడు తోకగా ఉన్నది ఒక తాపీ మేస్త్రి. నమ్మకస్తుడు. ఆయన తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు: ‘నా వెనక ఒక్కడు లేడు. చివరి పీలిక దాకా గుర్తులన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, నేనే విప్పాను. దారి తప్పడానికి వీల్లేదు.’ కొన్నాళ్లకి పట్నం దగ్గర వంతెన స్తంభానికి చిక్కుకుని శవం దొరికింది. ఇంకేముంది, పందెంలో అందరికంటే ముందే ఎవరికీ కనపడకుండా వెనక్కి వచ్చి, వంతెన మీద నుంచి దూకాడని తేల్చేశారు. మనిషి పోయిన కారణం తెలియకపోతే జనానికి ఊపిరాడదు. ఏదో ఒకటి తేల్చేసుకుని హాయిగా భోజనాలకి లేస్తారు.

ఊరు ఏమనుకున్నా అక్క పట్టించుకునేది కాదు. అమ్మ కూడా అదే నమ్మింది. అక్కడ వచ్చింది చిక్కు.

అమ్మ నోరంటే ఆ వీధి వీధంతా హడల్. లాండ్రీ నడిపే మనిషికి ఆ మాత్రం నోరు లేకపోతే బొత్తాం ఊడిందనీ మరక పోలేదనీ అందరూ నెత్తికెక్కుతారు. కోపం వస్తే ముందూ వెనకా చూసేది కాదు, చల్లారాక మళ్లీ తనే ఏడ్చేది. పందెం ముందు రోజు తమ్ముడు హోటలు దుప్పట్ల మూట ఇచ్చి రావడానికి వెళ్లి, మూటని వానలో సైకిలు మీదే వదిలేసి కట్ట మీద పరుగుకి పోయాడు. ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన దుప్పట్లన్నీ బురదపాలు. అమ్మ ఒంటికాలి మీద లేచింది. ఆ కోపంలో నోరు జారింది. ‘పరుగు పరుగని చస్తున్నావుగా, ఎటు పోతావో అటే పో. మళ్లీ నా గుమ్మం తొక్కకు’ అంది. తమ్ముడు తెల్లవారకముందే లేచి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు చప్పుడు అమ్మ విన్నది. మెలకువగానే ఉంది, పంతం కొద్దీ పలకలేదు.

గుమ్మం తొక్కకు అంది, తొక్కలేదు. అమ్మకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అప్పటినుంచి ఆ నోరు మూతపడింది. గిరాకీలకి ఎంతో ఏమిటో చెప్పడం తప్ప రెండో మాట లేదు. ఎవరైనా గొడవపడినా తలూపి ఊరుకునేది. లాండ్రీలో దుప్పట్లు మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని, బిగించి లాగి, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచి కొసలు కలపాలి. తమ్ముడున్నప్పుడు అమ్మకి జోడీ వాడే. కావాలని గట్టిగా లాగి అమ్మని నాలుగడుగులు ముందుకి ఉరికించేవాడు, అమ్మ తిట్టేది, వాడు నవ్వేవాడు. ఇప్పుడు అక్క పట్టుకుంటోంది. అమ్మ దగ్గరికి వస్తుంది, కొసలు అక్క చేతిలో పెడుతుంది, మొహం చూడకుండా వెనక్కి తిరుగుతుంది. రోజుకి ఎన్ని దుప్పట్లో అన్నిసార్లు అక్కకి ప్రాణం ఉసూరుమనేది.

ఓదార్చడానికి అక్క చెయ్యని ప్రయత్నం లేదు. కాలు జారి ఉంటాడని ఒకసారి, ఎవరో చూశారట అని ఇంకోసారి, లేనిపోనివి కల్పించి కూడా చెప్పింది. అమ్మ ఆరా తీసి, అన్నీ ఒట్టివే అని తెలుసుకుని, ఇంకా ముడుచుకుపోయింది. అక్కకి కావలసింది ఒక్కటే. తమ్ముడు చావాలని పోలేదని తెలియాలి. తెలిసి, అది అమ్మకి చెప్పగలగాలి. అందుకే ఆ దారిని అడుగడుగూ తన చేత్తో తడుముకుంటూ వెళ్లి చూద్దామనుకుంది. అలా వెళ్లే పని తోకది. నిరుడు సంఘంవాళ్లు భయపడి పందెం పెట్టలేదు. ఈ ఏడు పెడుతున్నారని తెలియగానే వెళ్లి అడిగింది.

మేస్త్రి ఆ పందెం తర్వాత మోకాలు నొప్పని చెప్పి పరుగు మానేశాడు. గది మూల నుంచి లేచి వచ్చి, గోడకి తగిలించి ఉన్న సంచి తీసి అక్క చేతిలో పెట్టాడు.

“ముడి విప్పేటప్పుడు తల వంచుకోవాలి కదమ్మా, అప్పుడే మనిషి కంటి ముందు నుంచి తప్పిపోతాడు. జాగ్రత్త,” అన్నాడు.

అక్కకి పరుగు కొత్త. రోజూ పొద్దున్నే బాయిలరు కింద మంట వేసి, నీళ్లు కాగేలోగా కట్ట మీదకి వెళ్లి పరిగెత్తి వచ్చేది. ‘ఈ వయసులో ఎవరు తరుముతున్నారమ్మా’ అని పాలవాడు వేళాకోళం ఆడేవాడు. అమ్మ చూసింది, ఎందుకని అడగలేదు.

పందెం రోజు ఎండ పుష్కలంగా కాసింది. చలి ఉంది గానీ మంచు జాడ లేదు. ఆ రోజు అందరికంటే చివర పడ్డది ఒక బ్యాంకు గుమాస్తా. పొట్ట తగ్గించకపోతే లాభం లేదని డాక్టరు బెదిరిస్తే పరుగులో చేరిన మనిషి. మొదటి పల్లె చేరకముందే ఆయన పని అయిపోయింది.

“మీరు ముందుకి వెళ్లిపోండక్కా. వెనకాల ఎవరో వస్తుంటే నాకు కాళ్లు తడబడుతున్నాయి,” అన్నాడు రొప్పుతూ.

“మిమ్మల్ని దాటితే నా ఉద్యోగం పోతుంది.”

“నాకు తల ప్రాణం తోకకొచ్చిందండీ బాబూ.”

“తోకని నేను. నా దగ్గరికి ఇంకా ఏమీ రాలేదే,” అంది అక్క. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది ఆమెకి. నవ్వినందుకు ఆమె మీద ఆమెకే కోపం వచ్చింది కూడా.

అలా పోతున్నారు. ఆయన నాలుగడుగులు పరిగెత్తి ఎనిమిదడుగులు నడవడం, ఆమె పీలికలు విప్పడం. ఒక పక్క కోసేసిన పొలాలు, ఒక పక్క రెల్లు, దాని వెనక ఏరు. ఎక్కడ చూసినా అక్క ఒకటే ఆలోచించింది. ఇక్కడ దారి వదిలి ఎవరైనా ఎందుకు పోతారు? పోవడానికి ఏముందని? మొదటి పల్లెలో జవాబు దొరకలేదు. రెండో పల్లెలో కూడా దొరకలేదు. ఊరు చెప్పిందే నిజమేమో అన్న భయం మెల్లగా పట్టుకుంది.

మూడో పల్లెలో దారి కట్ట దిగి, సందులో పడి, చేతిపంపు దగ్గర మలుపు తిరిగి, మళ్లీ కట్ట ఎక్కుతుంది. సందు మొదట్లో కంచెకి కట్టిన పీలిక రాత్రి కురిసిన మంచుకి తడిసి బిగుసుకుపోయింది. గోళ్లు నొప్పిపుట్టినా ముడి రాలేదు. పళ్లతో లాగి విప్పి తలెత్తేసరికి ముందు గుమాస్తా లేడు. మలుపు తిరిగి ఉంటాడనుకుంది. పంపుకి కట్టింది విప్పింది, గోడ మేకుకి ఉన్నది విప్పింది, గేటుకి ఉన్నది విప్పింది. కట్ట ఎక్కి చూసింది.

కట్ట మీద ఎవరూ లేరు. ఆ చదును నేలలో మనిషన్నవాడు ఎంత దూరంలో ఉన్నా చీమలా అయినా కనిపిస్తాడు. ఆ చీమ కూడా లేదు. అక్క వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది.

గుమాస్తా చేతిపంపు దగ్గర నిలబడి ఉన్నాడు. తడిచేతులు చొక్కాకి తుడుచుకుంటూ, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

“గుర్తులేవండీ? ఇందాక ఈ పంపుకే కట్టి ఉంది, నేను చూశాను,” అన్నాడు. తర్వాత సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు. “కడుపులో కాస్త గడబిడగా ఉంటే ఆ ఇంట్లో పెద్దావిడని అడిగి పెరట్లోకి వెళ్లాను. మీకు చెబుదామనుకున్నాను, ఆడవాళ్లకి ఏం చెబుతాంలే అని... బయటికొస్తే ఏ గుర్తూ లేదు, ఎటు పోవాలో తెలియలేదు.”

గుర్తులన్నీ అక్క సంచిలో ఉన్నాయి. ఆమె పంపు గట్టు మీద కూలబడింది. చివరివాడి వెనక ఉన్నాననే అనుకుంది తను. వాడిని దాటిపోతూ దారి మొత్తం తుడిచేసింది. ఇంత ఎండలో, కళ్లు విప్పార్చుకుని ఉండి చేసింది. మరి ఆ మంచులో?

“ఏమ్మా, అలా అయిపోయావు? నీళ్లు తాగుతావా?”

పంపుకి ఎదురింటి గుమ్మంలో ఒక ముసలమ్మ కూర్చుని చేపల వల బాగుచేస్తోంది. వల ఆవిడ ఒళ్లో నుంచి మెట్ల మీదుగా సందులోకి పారి ఉంది. పాదాలు రెండూ వాచి గుడ్డలు చుట్టి ఉన్నాయి. గుమ్మం దాటి ఎక్కువ దూరం పోయే మనిషి కాదని చూస్తేనే తెలుస్తోంది.

“మా పెరడు మీ పందెంవాళ్లకి బాగా అచ్చొచ్చింది,” అని నవ్వింది ఆవిడ. “మంచు పడ్డ ఏడు కూడా ఇలాగే ఓ కుర్రాడు పొట్ట పట్టుకుని వచ్చాడు. ఎంత సిగ్గో వాడికి!”

అక్క గుమాస్తాతో మెల్లగా కట్ట ఎక్కి అక్కడ ఆగమంది. ఆయన వెళ్లేదాకా ఉండి ముసలమ్మ దగ్గరికి వచ్చింది.

“ఎలా ఉంటాడు పెద్దమ్మా ఆ అబ్బాయి?”

“పొడుగ్గా ఉంటాడు, గాలికి ఊగేటట్టు. చెవులు ఇంతింత. చలికి మందారాల్లా అయిపోయాయి. పెరట్లోంచి వచ్చి చూస్తే బయట ఎవరూ లేరు, మీ గుడ్డముక్కలూ లేవు. వచ్చి మళ్లీ ఈ మెట్టు మీదే కూర్చున్నాడు. కాసిని వేడినీళ్లు ఇచ్చాను, ఊదుకుంటూ తాగాడు. మంచు విడాక పోదువులే అన్నాను. వింటేనా! ‘లేదు పెద్దమ్మా, నిన్న మా అమ్మ చేత గట్టిగా తిట్లు తిన్నాను. నన్ను తిట్టి రాత్రంతా తనే నిద్రపోలేదు. గోడ ఇవతల నుంచి వింటూనే ఉన్నాను. త్వరగా పోయి కాళ్లావేళ్లా పడాలి’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. అందరూ ఎటు వెళ్లారని అడిగాడు. ఏటా వెళ్లే దారే కదా, చూపించాను.”

ముసలమ్మ వల అల్లే సూదితో చూపించింది. కట్ట వైపు కాదు. సందు రెండో కొసన ఏటి వైపు దిగే ఒడ్డుబాట.

అంతకుముందు ఏళ్లలో పందెం ఆ ఒడ్డుబాటనే పోయేది. ఆ ఏడు వరదకి బాట మధ్యలో తెగి, ఏరు దాని కిందకి లోతుగా తొలిచేస్తే, సంఘంవాళ్లు దారిని కట్ట మీదకి మార్చారు. అక్కకి సంగతి తెలుసు. తమ్ముడికి అది మొదటి పందెం. అంతకుముందు దారి ఎటు ఉండేదో వాడికేం తెలుసు? ముసలమ్మకి దారి మారిందని ఎవరు చెప్పారు?

“ఆ బాట తెగిపోయిందని నాకు తర్వాత తెలిసింది,” అంది ముసలమ్మ. గొంతులో నవ్వు పోయింది. “అప్పట్నుంచి నాకు ఒకటే గుబులు. ఆ రోజే ఎవరో వంతెన మీంచి దూకాడన్నారు. వాడు వేరులే. బతుకు మీద రోత పుట్టినవాడు వేడినీళ్లు ఊదుకుని తాగుతాడా? మనవాడు తెగిన చోటు చూసి వెనక్కి వచ్చి, కట్ట ఎక్కి పోయుంటాడు. మళ్లీ నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని పలకరించి ఉండడు. అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నా. నిరుడు మీవాళ్లని అడుగుదామంటే పందెమే పెట్టలేదు. నీకేమైనా తెలుసా అమ్మాయ్? ఇంటికి చేరాడా వాడు?”

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. అక్క ఆవిడ మొహం చూసింది. రెండేళ్లుగా తన ఇంట్లో చూస్తున్న మొహమే అది. ఇంకో క్షణం ఆలోచిస్తే ఏం చెప్పేదో గానీ, ఆలోచించే లోపే మాట వచ్చేసింది.

“చేరాడు పెద్దమ్మా.”

వంతెన దగ్గర సంచి తీసుకుంటూ మేస్త్రి అలవాటు కొద్దీ అడిగాడు, అందరూ వచ్చేశారా అని. వచ్చేశారు అంది అక్క. గుమాస్తాని తను ఎలా దాటిపోయిందో, మూడో పల్లెలో ఏం జరిగిందో, తమ్ముడి సంగతితో సహా అంతా చెప్పింది. దాచే ఓపిక లేకపోయింది. చెబుతున్నంతసేపూ ఆమెకి ఆయన మీద కోపం వచ్చింది. ఎందుకు రాదు? కానీ ఆ పొద్దున తన చేత్తో తను అదే పని చేసి వచ్చింది. మేస్త్రి సంచి ఒళ్లో పెట్టుకుని కట్ట అంచున కూర్చుండిపోయాడు. ఆయన్ని ఓదార్చాలని ఆమెకి అనిపించలేదు. తిట్టాలని కూడా అనిపించలేదు.

ఆ సాయంత్రం దుప్పటి కొసలు పట్టుకుని నిలబడి అమ్మకి చెప్పింది. ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క కలపకుండా. అమ్మ దుప్పటి దింపలేదు. బిగించి పట్టుకునే వింది.

“ఇదీ అల్లావా?” అంది చివరికి.

“నా మీద ఒట్టు అమ్మా.”

“నిరుడు కూడా ఒట్టేశావు.”

నిజమే, వేసింది. అమ్మ కొసలు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఈసారి మొహంలోకి చూసింది.

“నన్ను తీసుకెళ్లు. ఆవిడ నోటితోనే వింటాను.”

“తీసుకెళ్తాను. కానీ అమ్మా, ఆవిడకి తెలియదు. వాడు చేరాడనే చెప్పాను. నువ్వు అక్కడ...”

“దారి చూపించింది ఆవిడే కదా?” అంది అమ్మ.

అంతే అంది. రెండేళ్లుగా మూతపడ్డ నోరు తెరుచుకున్న తీరు అది. ఆ నోటి సంగతి అక్కకి తెలియనిది కాదు. ఒక్క మాట, కోపంలో ఒకే ఒక్క మాట జారితే చాలు, ఆ వాచిన కాళ్ల మనిషి ఇంక ఆ గుమ్మంలో కూర్చుని వల ముట్టుకోలేదు. చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది. చెప్పకపోతే అమ్మ ఇలాగే ఉండి ఇలాగే పోతుంది. ఎటు చూసినా దారి కనిపించలేదు.

రెండు రోజులు ఆగి, లాండ్రీ తలుపులు మూసి, ఇద్దరూ బస్సెక్కారు. బస్సు కట్ట కిందే దింపేసింది. అమ్మ కొడుకు పరిగెత్తిన దారి అంతవరకూ చూడలేదు. కట్ట ఎక్కి, ఆయాసం తీర్చుకోవడానికి అన్నట్టు ఆగి, రెల్లు వైపు చూసింది. ఏరు మామూలుగా పోతోంది. అక్క చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని తనే ముందు నడిచింది.

ముసలమ్మ గుమ్మంలోనే ఉంది. అక్కని చూసి గుర్తుపట్టింది.

“మా అమ్మ,” అంది అక్క. “ఆ అబ్బాయి మా తమ్ముడే పెద్దమ్మా. మొన్న చెప్పలేకపోయాను.”

ముసలమ్మ మొహం విప్పారింది. వల పక్కకి తోసి చోటు చేసింది. అమ్మ కూర్చోలేదు. నిలబడే అడిగింది, “వాడు ఏమన్నాడో చెప్పండి.” గొంతు గరుగ్గా ఉంది. గిరాకీలతో గొడవకి దిగే ముందు గొంతు అది.

ముసలమ్మ చెప్పింది. పొట్ట సంగతి, వేడినీళ్ల సంగతి, తిట్ల సంగతి.

“నేను నిద్రపోలేదని వాడికి తెలుసా?”

“తెలుసు కాబట్టే కదమ్మా ఆ తొందర! గోడ ఇవతల నుంచి వింటూనే ఉన్నానన్నాడు. మా అమ్మకి నోరే గానీ అంటూ నవ్వాడు కూడా. ఎంత చెప్పినా ఆగలేదు.”

అమ్మ మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, రాని ఊపిరిని లాక్కుంటున్నట్టు నోరు తెరిచి ఉండిపోయింది. ఏడుపు చప్పుడు లేదు, కన్నీళ్లు మాత్రం ధారగా కారిపోతున్నాయి. అక్క చేతిపంపు పట్టుకుంది. రెండేళ్ల తర్వాత అమ్మ ఏడుస్తోందని సంతోషపడాలో, ఈ ఏడుపు చూసి ముసలమ్మకి అర్థమైపోతుందని భయపడాలో ఆమెకి తెలియలేదు.

ముసలమ్మ భయపడిపోయింది. వంగి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఎందుకమ్మా ఏడుస్తున్నావు? నిజం చెప్పు. మీ అమ్మాయి నన్ను చూసి జాలిపడి అలా చెప్పిందేమోనని నాకు మొన్నట్నుంచి అనుమానం. పిల్లలు మన మీద జాలికి ఏదో ఒకటి చెబుతారు. నువ్వు కన్నతల్లివి, అబద్ధం ఆడవు. ఆ మంచులో వాణ్ని ఆ బాటన పంపించింది నేను. నువ్వు చెప్పు. ఇంటికి చేరాడా?”

అమ్మ తలెత్తింది. ఆవిడ చెయ్యి వంక చూసింది, కొడుక్కి దారి చూపించిన చెయ్యి. సందు కొసన ఒడ్డుబాట వైపు చూసింది. ఆమెకి తెలియని విషయం కాదు, ఒక మాట ఎంత దూరం పోతుందో.

“చేరాడు,” అంది అమ్మ.

ముసలమ్మ ఇంకా చెయ్యి వదల్లేదు. “వచ్చాక మళ్లీ తిట్టావా?”

“లేదమ్మా,” అంది అమ్మ. కళ్లు తుడుచుకుని, ఆవిడ చేతి మీద తన రెండో చెయ్యి వేసింది. “వాడొచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టాను.”